మెయిల్ సర్వర్ పెడుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇంట్లోనే మెయిల్ సర్వర్ పెడుతున్నావని అమ్మ ఫోన్‌లో చెప్పింది. భలే సంతోషమేసింది. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

మెయిల్ పంపి అందుకునే పోస్ట్‌ఫిక్స్, వచ్చిన మెయిల్ చదవనిచ్చే డవ్‌కాట్ ఎక్కించడం నీకు ఒక పూట పని. మెయిల్ నిజంగా నీ దగ్గర్నుంచే వచ్చిందని అవతలి సర్వర్లు సరిచూసుకునే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు మూడూ పెట్టు. సర్టిఫికెట్ దానంతటదే రెన్యూ అయ్యేలా చూడు. వీటికంటే ముందు ఇంటర్నెట్ కంపెనీని అడుగు: మారని పబ్లిక్ ఐపీ ఇస్తారా, సర్వర్ నుంచి సర్వర్‌కి మెయిల్ బయటికెళ్ళే పోర్ట్ 25 తెరుస్తారా, ఐపీని బట్టి పేరు చెప్పే రివర్స్ డీఎన్‌ఎస్‌లో నీ సర్వర్ పేరు పెడతారా అని. చివరి రెండింటిలో దేనికైనా కాదంటే, నువ్వు పంపే మెయిల్‌ని నీ తరఫున చేరవేసే రిలే సర్వీసు ఒకదాని ద్వారా పోనివ్వు. అందులో నామోషీ ఏమీ లేదు. వచ్చే మెయిల్ నీ ఇంట్లోనే ఉంటుంది కదా.

పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల్లో, పాస్‌వర్డ్ అడక్కుండా ఎవరి మెయిల్ మోసుకెళ్ళాలో చెప్పే మైనెట్‌వర్క్స్ అనే వరుస దగ్గర మాత్రం చెయ్యి ఆపు.

నీ వయసులో నేనూ పెట్టాను. ఊరెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్ నుంచి మెయిల్ పోవడం లేదని విసిగి, పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు చేసే ఓపిక లేక, ఆ వరుసలో 0.0.0.0/0 అని రాశాను. లోకంలో ఎవరు ఏ ఉత్తరం తెచ్చిచ్చినా మోసుకెళ్ళమని నా సర్వర్‌కి నేనే చెప్పాను. రేపు సరిచేద్దాంలే అనుకున్నాను. మూడో రోజు తెల్లవారుజామున హార్డ్ డిస్క్ గరగరకి మెలకువ వచ్చింది. దాని లైటు ఆరకుండా వెలుగుతోంది. పోవాల్సిన మెయిళ్ళ జాబితా చూద్దామని మెయిల్‌క్యూ అని కొడితే తెర మీద అడ్రసులు పరుగెడుతూనే ఉన్నాయి, వేలకొద్దీ, ఒక్కటీ నాకు తెలిసింది కాదు. కేబుల్ పీకేశాను. అప్పటికే నా ఐపీ, స్పామ్ పంపే సర్వర్ల బ్లాక్‌లిస్టుల్లోకి ఎక్కింది.

ముందురోజు రాత్రి అమ్మమ్మ ఆపరేషన్ తేదీ మీ అమ్మకి మెయిల్ చేశాను. అవతలి సర్వర్ తిప్పికొట్టింది. చేరలేదన్న నోటీసు నాకొచ్చింది కూడా. కానీ ఆ స్పామ్ అంతా నా అడ్రస్ పేరుతోనే పోవడంతో, అలాంటి నోటీసులే వేలల్లో వచ్చి పడ్డాయి. వాటి కింద అది కనబడలేదు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. మెయిల్ పంపాను కదా అన్న ధీమా. మీ అమ్మ ఆపరేషన్ అయిపోయాక వచ్చింది. నన్ను ఒక్క మాటా అనలేదు. తువ్వాలు తడిపి అమ్మమ్మ ముఖం తుడుస్తూ కూర్చుంది.

అందుకని ఆ మైనెట్‌వర్క్స్ వరుసలో 127.0.0.0/8, అంటే ఆ సర్వర్ సొంత అడ్రసులు, తప్ప ఏమీ ఉంచకు. నువ్వైనా సరే, పోర్ట్ 587లో పాస్‌వర్డ్ ఇచ్చే పంపాలి. తర్వాత బయటి నెట్‌వర్క్ నుంచి పోర్ట్ 25కి కనెక్ట్ అయి, వేరేవాళ్ళ అడ్రస్‌కి పంపి చూడు. రిలే యాక్సెస్ డినైడ్ అని రావాలి. రాకపోతే అప్పటికప్పుడు ఆపెయ్యి, రేపటికి ఉంచకు.

కరెంటు పోతే టెన్షన్ పడకు నాన్నా. పంపేవాళ్ళ సర్వర్లు మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తాయి. మామూలు సెట్టింగుల్లో పోస్ట్‌ఫిక్స్ అయితే 5 రోజులు ఆ ఉత్తరాన్ని పట్టుకుని ఉంటుంది.

ఆరు నెలలు నీ మెయిల్ ఒక్కటే నడుపు. అమ్మ అడ్రస్ అప్పుడే దాని మీదికి మార్చకు. మొదటి మెయిల్ నాకే పంపు. పంపాక ఫోన్ చేసి, అందిందా అని అడుగు.

మీ మామయ్య