సూట్‌కేసులో ఆవకాయ ఎంత? మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: దసరా సెలవులకి సింగపూర్, అక్కణ్ణుంచి కౌలాలంపూర్ వెళ్తున్నాం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు, మామయ్యగారు. విశాఖలో రాత్రి విమానం ఎక్కి తెల్లవారుజామున దిగుతాం. అత్తయ్యగారు శాకాహారి, షుగరుకి మాత్రలు వాడతారు, బయటి తిండి అసలు పడదు. రైస్ కుక్కర్, బియ్యం, ఆవకాయ, పొడులు, నెయ్యి అన్నీ సర్దమంటున్నారు. మావారేమో అంత ఖర్చు పెట్టి వెళ్లి అక్కడా పప్పన్నమే తింటామా అని విసుక్కుంటున్నారు. రోజూ ఇంట్లో ఇదే గొడవ. ఏం పట్టుకెళ్లాలో, ఏది వద్దో చెప్పండి.
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: ముందు మీవారి మాట తీసుకుందాం. సింగపూర్ విషయంలో ఆయన అన్నది చాలావరకు నిజమే, ఎందుకంటే అక్కడ మన తిండికి కరువు లేదు. సెరంగూన్ రోడ్డు పొడవునా ఇడ్లీ, దోసె, భోజనం దొరుకుతాయి, కోమల విలాస్ అయితే 1947 నుంచీ నడుస్తోంది. పక్కనే టెక్కా మార్కెట్లో కరివేపాకు, మునక్కాయలు, పెరుగు కూడా కొనుక్కోవచ్చు. కౌలాలంపూర్‌లో బ్రిక్‌ఫీల్డ్స్‌కి వెళ్తే అరిటాకులో భోజనం పెడతారు. కాబట్టి బియ్యం, పప్పు, నెయ్యి మోసుకెళ్లకండి, ఆ బరువుకి అర్థం లేదు.

అలాగని అత్తయ్యగారిది చాదస్తమనీ నేను అనను. షుగరున్న మనిషికి వేళకి తెలిసిన తిండి కడుపులో పడాలి, అది ఇష్టాయిష్టాల సంగతి కాదు. మీ ప్రయాణంలో అసలు కష్టం ఎక్కడ వస్తుందో చూడండి. తెల్లవారుజామున దిగుతారు, హోటల్ వాళ్లు గది మధ్యాహ్నం రెండు, మూడు గంటలకి గానీ ఇవ్వరు, అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, పిల్లలు నిద్ర చాలక ఏడుస్తుంటారు, పెద్దావిడ మాత్ర వేసుకోవాలి. ఇంటి తిండి అక్కరకొచ్చేది సరిగ్గా ఆ పూటే. మిగతా రోజుల్లో పొద్దున టిఫిను, సాయంత్రం అలసిపోయి గదికొచ్చినప్పుడు ఏదైనా వేడిగా. ఈ మూడు సందర్భాలకీ సరిపడా సర్దుకుంటే చాలు, మధ్యాహ్నం భోజనాలు బయటే చేయండి.

చేతి సంచిలో ఒక డబ్బాడు చింతపండు పులిహోర పెట్టుకోండి. నూనె, పులుపు పట్టి ఉంటుంది కాబట్టి రాత్రి కలిపినది పొద్దుటికి బాగుంటుంది. దద్దోజనం మాత్రం వద్దు, ఆ వేళకి పులిసిపోతుంది. వేయించిన శనగలు, మ్యారీ బిస్కెట్లు, కాస్త గ్లూకోజు అత్తయ్యగారి చేతికి అందేలా ఉంచండి. మాత్రల వేళ ఎలా మార్చుకోవాలో బయల్దేరేముందే డాక్టరుని అడగండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. పచ్చడి, నెయ్యి, పెరుగు చేతి సంచిలో పెట్టకండి. సెక్యూరిటీ వాళ్ల లెక్కలో అవన్నీ ద్రవాల కిందకే వస్తాయి, 100 మిల్లీలీటర్లు దాటిన సీసాని పక్కన పెట్టేస్తారు. కారప్పొడి కూడా చేతి సంచిలో వద్దు.

చెక్-ఇన్ సామానులో ఆవకాయ పావుకిలో, కందిపొడి, నల్లకారం, కాసిని చెగోడీలు, జంతికలు. మీ ఆరుగురికి ఇంతకంటే అక్కర్లేదు. ఆవకాయ సీసాని అంచుదాకా నింపవద్దు. విమానం పైకెళ్లాక గాలి ఒత్తిడి తగ్గి సీసాలోని గాలి వ్యాకోచిస్తుంది, నూనెని బయటికి తోసేది అదే. వేలెడు ఖాళీ వదిలి, మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించి, చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో పెట్టండి. పచ్చళ్ల దుకాణంలో కొంటే గాలి తీసేసి ప్యాక్ చేసిస్తారు, అదింకా మంచిది. ఎండు కొబ్బరి చిప్పలు చెక్-ఇన్ సంచిలో పెట్టకూడదు, నూనె ఎక్కువ కాబట్టి దానంతట అది వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట: గసగసాలు. సింగపూర్‌లో ఇవి నిషిద్ధం, మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. దుబాయ్ వైపు వెళ్లేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. విడిగా ఎవరూ పట్టుకెళ్లరు గానీ ఇంట్లో కొట్టుకున్న మసాలా పొడిలో ఉంటాయి, ఆ సంగతి మనకి గుర్తుండదు. ఇంటి మసాలా పొడి ఏదైనా సరే వదిలేసి వెళ్లండి. మామయ్యగారికి గుట్కా, జర్దా లాంటి అలవాటు ఉంటే నమిలే పొగాకు కూడా అక్కడ నిషిద్ధమే, ముందే మెల్లగా చెప్పండి. చూయింగ్ గమ్ తీసుకురావడం 1992 నుంచీ నిషేధం, పిల్లల జేబులు చూడండి. కోడి పచ్చడి, మటన్ పచ్చడి పూర్తిగా మానేయండి, మన దేశం నుంచి మాంసంతో చేసినవి వాళ్లు రానివ్వరు.

రైస్ కుక్కర్ గురించి. మామూలు హోటల్ గదిలో వంట చేయనివ్వరు, పైన పొగ పసిగట్టే యంత్రం ఉంటుంది, పోపు పెడితే అది మోగుతుంది. వండుకోవాలనే పట్టుదల ఉంటే వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ తీసుకోండి, ఆరుగురికి లెక్క చూస్తే ఒక్కోసారి రెండు గదుల కంటే అదే చవక పడుతుంది. హోటలే అయితే ఇంట్లోనే రవ్వని పోపుతో సహా ఎర్రగా, పొడిపొడిగా వేయించి, ఉప్పు కలిపి డబ్బాలో పోసుకెళ్లండి. గదిలోని కెటిల్‌లో నీళ్లు మరిగించి, మూతున్న స్టీలు డబ్బాలో గ్లాసు రవ్వకి రెండు గ్లాసుల మరిగే నీళ్లు పోసి కలిపి పది నిమిషాలు మూసిపెడితే ఉప్మా. కెటిల్‌లో మాత్రం నీళ్లు తప్ప ఇంకేమీ వేయకండి, మీ తర్వాత వచ్చేవాళ్లూ అందులోనే టీకి నీళ్లు కాచుకుంటారు. మంచినీళ్ల బాటిళ్లు కొనక్కర్లేదు, సింగపూర్‌లో కుళాయి నీళ్లు నేరుగా తాగవచ్చు. మెట్రో రైల్లో మాత్రం తినడం, తాగడం రెండూ కుదరవు, గుక్కెడు నీళ్లు కూడా. జరిమానా 500 సింగపూర్ డాలర్ల దాకా ఉంటుంది.

బయట తినేటప్పుడు అత్తయ్యగారి కోసం ఒక జాగ్రత్త. మలేషియాలో కూరగాయల వేపుడులా కనిపించే వాటిలో బెలచాన్ అనే ఎండురొయ్యల ముద్ద తరచుగా వేస్తారు. చూసి పోల్చుకోలేం, అడగాల్సిందే. సింగపూర్‌లో బౌద్ధుల శాకాహార దుకాణాల్లో భయం లేదు, చాలాచోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. కాకపోతే సోయాతో, గోధుమ బంకతో చేసి మటన్, బాతు అని పేర్లు పెడతారు, పైగా చూడ్డానికీ అలాగే ఉంటాయి. ఈ సంగతి ఆవిడకి ముందుగా చెప్పకపోతే ప్లేటు ముట్టరు. పిల్లలకి రోటీ చనాయ్ పెట్టించండి, మన పరోటాకి దగ్గరగా ఉంటుంది, పప్పుతో ఇస్తారు, తప్పకుండా తింటారు. మీవారికి కావలసిన కొత్త రుచులు కూడా ఆ మధ్యాహ్నాల్లోనే దొరుకుతాయి.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి కుటుంబమంతా వెళ్తున్నాం. సకినాలు, పాలకోవా, నెయ్యి, కరివేపాకు తీసుకెళ్లాలనుంది. తెలిసినవాళ్లు కొందరు ఫారంలో తిండి లేదని రాసెయ్యండి, రాస్తే అంతా పారేస్తారని చెప్తున్నారు. నిజమేనా?
(ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: దయచేసి ఆ మాట వినకండి. ఆస్ట్రేలియా వెళ్లేవాళ్లకి ఇంతకంటే చెడ్డ సలహా లేదు. తిండి ఉందని రాస్తే మహా అయితే అధికారి కొన్ని తీసి పారేస్తారు, జరిమానా ఉండదు. లేదని రాసి దొరికితే అక్కడికక్కడే జరిమానా, సందర్శకుల వీసా రద్దు చేసి వెనక్కి పంపే అధికారం కూడా వాళ్లకుంది. ఎక్స్‌రే ఉంటుంది, వాసన పట్టే కుక్కలుంటాయి, నెయ్యి డబ్బా దాగేది కాదు. న్యూజిలాండ్‌లో రాయకపోతే 400 న్యూజిలాండ్ డాలర్లు, అమెరికాలో జరిమానా 10,000 డాలర్ల దాకా ఉండొచ్చు. ఎక్కడైనా 'ఉంది' అని రాయడమే క్షేమం.

వాళ్లు అంత గట్టిగా ఎందుకుంటారో కూడా చెప్పాలి, తెలిస్తే కోపం రాదు. మన పశువుల్లో ఉండే గాలికుంటు వ్యాధి ఆస్ట్రేలియాలో లేదు. పాలతో చేసినవాటి మీద వాళ్ల భయమంతా దాని గురించే, అందుకే పాలకోవా వద్దు. కరివేపాకు మీద బతికే ఒక చిన్న పురుగు నిమ్మ, బత్తాయి తోటల్ని చంపే తెగులుని మోసుకెళ్తుంది. మన బత్తాయి రైతుని అడగండి, ఆ తెగులు తోటనేం చేస్తుందో చెప్తాడు. అక్కడ అది ఇంకా అడుగు పెట్టలేదు. పచ్చి కరివేపాకు రెబ్బ కూడా తీసుకెళ్లకండి, అక్కడే పండించినది ఇండియన్ షాపుల్లో దొరుకుతుంది, నెయ్యి కూడా అంతే.

సకినాలు, మురుకులు, కారప్పొడి, టీపొడి లాంటివి తీసుకెళ్లండి, నిర్ణయం మాత్రం అక్కడి అధికారిదే. తిండి సామానంతా ఒకే సంచిలో, పైన, ఒక్కో పొట్లం మీద ఇంగ్లీషులో పేరు, దేనితో చేశారో రాసి పెట్టండి. సకినాలంటే వాళ్లకి తెలీదు, బియ్యప్పిండి, నువ్వులు, నూనెలో వేయించినవి అని రాస్తే ఒక్క నిమిషంలో పనవుతుంది. ఫారం నింపడం మీకు ఇబ్బందిగా ఉంటే విమానంలో పక్కవాళ్ల సాయం అడగండి, కానీ ఏ గడిలో ఏం రాస్తున్నారో చదివించుకుని సంతకం పెట్టండి, ఎందుకంటే ఆ సంతకం మీది.

ప్రశ్న: పది నెలల బాబుతో పారిస్ వెళ్తున్నాం. పాలపొడి, ఇంట్లో చేసిన ఉగ్గు తీసుకెళ్లొచ్చా?
(ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: యూరోపియన్ యూనియన్ దేశాల్లోకి బయటినుంచి పాలు, మాంసం, వాటితో చేసినవి తీసుకురానివ్వరు, కానీ పసిపిల్లల పాలపొడికి మినహాయింపు ఉంది. మనిషికి రెండు కిలోల దాకా, కంపెనీ డబ్బాలో సీలుతో ఉండాలి, ఫ్రిజ్ అవసరం లేనిదై ఉండాలి. దారిలో వాడుతున్న డబ్బా విప్పి ఉన్నా ఫర్వాలేదు. బియ్యం, పెసరపప్పు వేయించి పట్టించిన ఉగ్గుపొడిలో పాలపొడి గానీ నెయ్యి గానీ కలపకండి, నెయ్యి బదులు అక్కడ వెన్న కొనుక్కోండి. విమానంలో బాబుకి కావలసిన పాలకి, నీళ్లకి 100 మిల్లీలీటర్ల నిబంధన వర్తించదు, సెక్యూరిటీ దగ్గర ముందే తీసి చూపించండి. పారిస్‌లో గార్ దు నోర్ స్టేషన్ దగ్గర లా షపెల్ అనే పేట ఉంది, శ్రీలంక తమిళుల దుకాణాలు వరసగా ఉంటాయి, బియ్యం, పప్పు, కూరగాయలు అన్నీ దొరుకుతాయి. హోటల్ ఆ చుట్టుపక్కల తీసుకుంటే మీకు చాలా తేలిక.

ప్రశ్న: నాన్నగారికి పొద్దున్నే ఫిల్టర్ కాఫీ పడకపోతే రోజు గడవదు. అందరం జపాన్ వెళ్తున్నాం. డికాక్షన్ సీసాలో పోసి తీసుకెళ్లొచ్చా, చిన్న కెటిల్ కూడా పట్టుకెళ్లనా?
(ఒక పాఠకుడు, తిరుపతి)

జవాబు: డికాక్షన్ వద్దు, సెక్యూరిటీ దగ్గర ఆపుతారు, ఆపకపోయినా మర్నాటికి రుచి పోతుంది. వేయించి పట్టించిన కాఫీపొడి, చిన్న స్టీలు ఫిల్టరు తీసుకెళ్లండి. ఆ ఫిల్టరు చేతి సంచిలో కాకుండా పెద్ద సూట్‌కేసులో పెడితే అడిగేవాళ్లుండరు. కెటిల్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. జపాన్‌లో కరెంటు 100 వోల్టులే, మన 230 వోల్టుల కెటిల్ అక్కడ ఐదో వంతు శక్తితోనే పనిచేస్తుంది, నీళ్లు మరిగేసరికి నాన్నగారి ఓపిక అయిపోతుంది. అక్కడి హోటల్ గదుల్లో చాలావాటిలో కెటిల్ ఉంటుంది, గది బుక్ చేసేటప్పుడే అడిగి పెట్టుకోండి.

రాత్రి పడుకునే ముందు ఫిల్టర్లో పొడి వేసి మరిగే నీళ్లు పోసి వదిలేస్తే పొద్దుటికి డికాక్షన్ దిగి ఉంటుంది. చిక్కటి పాలు వీధి చివర చిన్న స్టోర్లో దొరుకుతాయి, రాత్రంతా తెరిచే ఉంటాయి. సమస్యల్లా పాలు కాచడమే, కెటిల్‌లో పోస్తే మాడి పాడవుతుంది. ఒక స్టీలు గిన్నెలో మరిగే నీళ్లు పోసి, పాల గ్లాసు అందులో కాసేపు ఉంచితే వెచ్చబడతాయి, డికాక్షన్ కూడా అలాగే వేడి చేసి కలిపితే పొగలు కక్కకపోయినా నాన్నగారు తాగగలిగే కాఫీ అవుతుంది. ఇంటి నుంచి ఒక ఇత్తడి డబరా, గ్లాసు పట్టుకెళ్లండి, బరువేం కాదు.

మీ ఇంట్లో శాకాహారులుంటే ఇంకో మాట. జపాన్‌లో మిసో సూపు, నూడుల్స్ పులుసు చూడ్డానికి ఏమీ లేనట్టే ఉంటాయి గానీ ఆ నీళ్లే ఎండు చేపతో కాచినవి. కూరగాయలే అని చెప్పినా వడ్డించేవాళ్లకి ఆ పులుసు లెక్కలోకి రాదు. చేప, మాంసం తినం, వాటితో కాచిన నీళ్లు కూడా వద్దు అని జపనీస్‌లో రాయించిన కాగితం ఒకటి జేబులో ఉంచుకుని ఆర్డరిచ్చే ముందే చూపించండి.