పేస్టు సంగతి తర్వాత, ముందు బోరింగు నీళ్ళు

మీరు అడిగింది ఇది: మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలోని రాజురా దగ్గరి పల్లె, బాబుకి రెండున్నరేళ్ళు, తాగేది బోరింగు నీళ్ళు. ఫ్లోరైడ్ పేస్టు వద్దని అత్తగారు, వాడమని పళ్ళ డాక్టరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. లెక్క వేస్తే ఎవరిది ఎక్కడ నిజమో తేలుతుంది.

మన దేశంలో టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు, ఎంతుందో ట్యూబు మీద రాయాలి. 1000 పీపీఎం అంటే గ్రాము పేస్టుకి 1 మిల్లీగ్రాము. మూడేళ్ళలోపు పిల్లలకి బియ్యపు గింజంత చాలు, అది సుమారు 0.1 గ్రాము. రెండు పూటలా మొత్తం మింగేసినా 0.2 మిల్లీగ్రాములే. మరి బోరింగు నీళ్ళలో లీటరుకి 2 మిల్లీగ్రాములు ఉన్నాయనుకోండి. రోజుకి లీటరు కడుపులోకి పోతే దానికి పదింతలు! చంద్రపూర్, యవత్‌మాళ్ జిల్లాల్లో ఫ్లోరైడ్ ఎక్కువున్న బోర్లు ఉన్నాయి. నల్గొండ కథ మనకు తెలిసిందే.

అందుకని ముందు నీళ్ళు పరీక్ష చేయించండి. బోరింగు రెండు మూడు నిమిషాలు కొట్టి, ఆ నీళ్ళతోనే ప్లాస్టిక్ సీసా మూడుసార్లు కడిగి నింపండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. గ్రామ పంచాయతీలో పరీక్ష కిట్ ఉంటే సరే, లేదంటే జిల్లా నీటి ల్యాబ్. పక్కింటి బోరు ఫలితం మీకు పనికిరాదు, దగ్గర్లోని బోర్లలో కూడా అంకె మారొచ్చు. తాగే నీటికి ప్రమాణం లీటరుకి 1 మిల్లీగ్రాము. వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు.

అంకె 1.5 దాటిందా, బాబు తాగే నీళ్ళూ వంట నీళ్ళూ రెండూ మార్చాలి. అన్నం, పప్పు ఉడికేటప్పుడు నీళ్ళతోపాటు ఫ్లోరైడ్ కూడా లోపలికి పోతుంది. కాచితే పోదు, ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరూ తీయలేదు, ఆర్వో తీస్తుంది. అంగన్‌వాడీలో ఏ నీళ్ళు తాగిస్తున్నారో కూడా అడగండి, చాలామంది మరిచేది అదే. నీళ్ళు మారేదాకా ఉత్త బ్రష్షో, ఫ్లోరైడ్ లేని పేస్టో వాడొచ్చు, మీ డాక్టరుకి ఆ అంకె చెప్పి అడగండి. అంకె 1 లోపుంటే డాక్టరు మాటే రైటు.

గారపళ్ళ విషయంలో, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ళ మీద మచ్చలు పడడం గురించి, అత్తగారి భయం ఉత్తిది కాదు. ఏడేళ్ళప్పుడు వచ్చే ముందరి పళ్ళ ఎనామెల్ (పై గట్టి పొర) ఇప్పుడే, చిగురు లోపల తయారవుతోంది. రెండేళ్ళప్పుడు మింగిన ఫ్లోరైడ్ మచ్చ అప్పుడు బయటపడుతుంది. ఆ మచ్చలు సాధారణంగా అటూ ఇటూ జంట పళ్ళ మీద ఒకేలా ఉంటాయి. పుచ్చు మొదలైతే పై ముందు పళ్ళకి చిగురు పక్కన సుద్దలా తెల్ల గీత. వారానికోసారి పై పెదవి ఎత్తి చూడండి.

ఎలా తోమాలంటే: బాబు తల మీ ఒళ్ళో వెనక్కి వాల్చండి. బ్రష్షు తడపకండి. ప్రకటనలో చూపించినట్టు బ్రష్షు పొడవునా పిండితే గ్రాము దాకా పడుతుంది, తప్పు జరిగేది అక్కడే. కొద్దిగా బయటికి తెచ్చి, బ్రష్షు చివర అద్ది, వేలితో కుచ్చులోకి నొక్కండి. పైన ఉంటే నాలుకతో నాకేస్తాడు. తోమాక నురగ గుడ్డతో తుడవండి, పుక్కిలించనివ్వకండి, నీళ్ళతో పాటు పంటి మీది ఫ్లోరైడూ పోతుంది. రాత్రి తోమాక పాలసీసా వద్దు. మూడు నుంచి ఆరేళ్ళ దాకా బఠానీ గింజంత, ఉమ్మడం వచ్చాక. తీపి వాసన జెల్ ట్యూబు చేతికి అందనివ్వకండి. కొంచెం తినేస్తే పాలు పట్టండి. చాలా తిన్నా, వాంతులైనా ఆస్పత్రికి తీసుకెళ్ళండి.

ఇంట్లో ఎవరైనా మిశ్రీతో పళ్ళు తోముకుంటే అది పొడి మందు కాదు, కాల్చిన పొగాకు. బాబు వేలు ఆ డబ్బాలో పడకుండా పైన పెట్టండి.