ఎల్ సోఫా బాల్కనీకి అడ్డొస్తోందంటే, లాంజర్ వైపు చూడండి

మీ 11×15 అడుగుల హాలుకి ఎల్ షేప్ సోఫా పెద్దదవుతుందా అని అడిగారు. పెద్దదేం కాదండీ. బాల్కనీ తలుపు సగం మూసుకుపోతోందన్నారు కదా, అది సైజు వల్ల కాదు. లాంజర్, అంటే కాళ్లు చాపుకునే పొడవాటి సీటు, తలుపు వైపు పడింది. అది గోడ మూలకి వెళ్లాలి.

1. ఆర్డర్‌లో ‘ఎడమ’, ‘కుడి’ అని రాసి వదిలేయకండి. అందరూ పొరపాటు చేసేది ఇక్కడే. కొన్ని షాపుల్లో సోఫాకి ఎదురుగా నిలబడి చెబుతారు, కొన్నిచోట్ల కూర్చుని చెబుతారు. బెంగళూరు కమ్మనహళ్లిలో పక్కపక్క షాపుల్లోనే నాకు రెండు రకాలుగా చెప్పారు! హాలు బొమ్మ గీసి, తలుపు, టీవీ, లాంజర్ గుర్తు పెట్టి వాట్సాప్‌లో పంపండి. బిల్లు మీద ‘బొమ్మ ప్రకారం’ అని రాయించుకోండి.

2. నేల మీద మాస్కింగ్ టేప్‌తో సోఫా కొలత అంటించి రెండు రోజులు తిరగండి. నడవడానికి రెండున్నర అడుగులు మిగలాలి.

3. లిఫ్ట్ తలుపు, మెయిన్ డోర్ వెడల్పు కొలిచి షాపువాళ్లకి చెప్పండి.

అద్దె ఇల్లయితే మాత్రం ఎల్ వద్దు. త్రీ సీటర్, విడిగా ఒక పఫీ (వీపు ఆనించే భాగం లేని చిన్న మెత్తటి స్టూల్) తీసుకోండి. ఇల్లు మారినా ఎటైనా జరుపుకోవచ్చు.