వర్క్‌బుక్ పేజీలు జిరాక్స్ తీసి తరగతిలో పంచవచ్చా?

మీరు అడిగినవి మూడు: వర్క్‌బుక్ పేజీల జిరాక్స్, ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మలు, వాటన్నిటినీ బడి వెబ్‌సైటులో పెట్టడం. మా బడిలో బోధన సామగ్రి చూసుకునే పని చాలాకాలంగా నాదే కనుక అనుభవంతో చెబుతున్నాను.

ముందు వెబ్‌సైటు సంగతి. చిక్కులు ఎక్కువగా అక్కడే వస్తాయి. బోధనకు అవసరమైనంత మేరకు ఇతరుల రచనలు వాడుకునే వెసులుబాటు కల్పించడానికి కాపీరైట్ (రచనల మీద రచయితల హక్కు) గురించి దేశాలు చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందం సభ్యదేశాలకు వీలిచ్చింది. ఎంత మేరకు అన్నది ఏ దేశ చట్టం ఆ దేశానిదే. అయితే తరగతిలో పంచిన కాగితాన్నే లోకమంతా చూసేలా పెడితే, పిల్లల కోసమే కదా అన్న వాదన నిలవడం కష్టం. అందుకే మా పాఠాల ఫైళ్లు ఆ తరగతి పిల్లలకు మాత్రమే, పాస్‌వర్డుతో తెరుచుకుంటాయి.

వర్క్‌బుక్ అన్నది పిల్లలు తలా ఒకటి కొని రాసుకోవడానికే తయారవుతుంది. ఒక్కటి కొని తరగతి మొత్తానికి జిరాక్స్ తీయడం రాసినవారి నోటి దగ్గర కూడు లాక్కోవడమే. తప్పనిసరి అయితే నేను ప్రచురణకర్తకు ఉత్తరం రాస్తాను: పుస్తకం పేరు, ముద్రణ, కావలసిన పేజీలు, పిల్లల సంఖ్య, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా. ఇంత వివరంగా రాస్తే కొందరు ఉచితంగానే ఒప్పుకున్నారు. జవాబు రాకపోతే మాత్రం దాన్ని అంగీకారం అనుకోకండి. అలా రానప్పుడు మా లెక్కల మాస్టారు సొంతంగా అభ్యాసాలు తయారు చేశారు. భిన్నాల కూడిక ఎవరి సొత్తూ కాదు. కాపీరైట్ చట్టం కాపాడేది దాన్ని పుస్తకం రాసినవారు వివరించిన తీరును, వేసిన బొమ్మను.

బొమ్మలకైతే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు (ఫలానా షరతులతో ఎవరైనా వాడుకోవచ్చని సృష్టికర్త ముందే ఇచ్చే అనుమతి) ఉన్నవి వెతకండి. ఆ లైసెన్సు పేరులో ‘బై’ అంటే సృష్టికర్త పేరు చెప్పాలి, ‘ఎన్‌సీ’ అంటే వ్యాపారానికి వాడకూడదు, ‘ఎన్‌డీ’ అంటే మార్చి పంచకూడదు. అనువాదం కూడా మార్పే కనుక, పాఠాలను తెలుగు చేసి పంచేవారు ఈ చివరిదాన్ని తప్పక చూసుకోవాలి. బొమ్మ అతికించిన క్షణంలోనే కాగితం అడుగున పేరు, దొరికిన చోటు, లైసెన్సు రాసేయండి. నెల తర్వాత వెతికితే దొరకవు.

మీరు అడగకపోయినా మరో మాట. పిల్లలు గీసిన బొమ్మల మీద హక్కు పిల్లలదే. వెబ్‌సైటులో పెట్టే ముందు వారినీ, వారి తల్లిదండ్రులనూ అడగండి.