రైలింజన్లంటే ఇష్టం: మెకానికల్ తీసుకోవాలా, ఎలక్ట్రికలా?

ప్రశ్న: పన్నెండో తరగతి చదువుతున్నాను. గణితం, భౌతికశాస్త్రం బాగా వస్తాయి. రైలింజన్లంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం. ఆవిరి రోజుల నుంచి ఇప్పటి ఎలక్ట్రిక్ ఇంజన్ల దాకా దొరికిందల్లా చదువుతుంటాను. ఇంజన్లు తయారుచేసే రంగంలోకే వెళ్లాలనుంది. మెకానికల్ తీసుకోవాలా, ఎలక్ట్రికలా? నాన్నేమో ‘అది రెండు వందల ఏళ్ల నాటి టెక్నాలజీ, అందులో కొత్తగా చేసేదేముంది, కంప్యూటర్ సైన్స్ తీసుకో’ అంటున్నారు. నేను చదివిన చరిత్ర ఎక్కడైనా పనికొస్తుందా?

జవాబు: సూటిగా చెబుతానమ్మా. ఇంజనులో శక్తి ఎలా పుట్టి ఎలా చక్రానికి చేరుతుందన్న దాని మీద నీ మనసుంటే ఎలక్ట్రికల్ తీసుకో. చక్రం, పట్టా, ఆ రెంటి మధ్య జరిగేది నిన్ను లాగుతుంటే మెకానికల్ తీసుకో. ఈ రెంటిలో నీది ఏదో తేల్చడానికి నువ్వు చదివిన చరిత్రే చాలు. కాకపోతే దాన్ని తేదీల వరుసగా కాకుండా, పదేపదే ఎదురైన రెండు చిక్కుల కథగా చదవాలి.

రైలింజను లాగగలిగే బరువుకు రెండు హద్దులుంటాయి. ఒకటి పట్టు. చక్రం జారకుండా పట్టాను ఎంత గట్టిగా తొయ్యగలదన్నది. రెండోది శక్తి. ఆ తోపును ఎంత వేగం దాకా నిలబెట్టగలదన్నది. ఈ రంగంలో పనిచేసే ప్రతి ఇంజనీరూ చివరికి ఈ రెంటిలో ఏదో ఒకదాన్ని కాస్త ముందుకు జరపడానికే పాటుపడతాడు.

1804 ఫిబ్రవరిలో సౌత్ వేల్స్‌లోని పెనిడారెన్‌లో రిచర్డ్ ట్రెవితిక్ అనే ఇంజనీరు తయారుచేసిన ఆవిరి ఇంజను 10 టన్నుల ఇనుమునూ, బండ్లెక్కిన 70 మందినీ సుమారు 15 కిలోమీటర్లు లాక్కెళ్లింది. ఇంజను బాగానే నడిచింది కానీ దాని బరువుకు పోత ఇనుప పట్టాలే విరిగాయి. పోనీ బరువు తగ్గిద్దామంటే చక్రాలు జారతాయన్న భయం. అందుకే 1812లో లీడ్స్ దగ్గర మిడిల్టన్ లైనులో బ్లెంకిన్‌సాప్ పట్టా పక్కన పళ్లు పెట్టించి, వాటిలో ఇమిడి తిరిగే పళ్లచక్రంతో ఇంజనును నడిపించాడు. అదే రోజుల్లో వైలమ్ బొగ్గు గనిలో విలియం హెడ్లీ ఇంజను జోలికి పోకుండా, మనుషులు పిడులు పట్టి తిప్పే ఒక బండి కట్టించాడు. దాని మీద బరువులు మారుస్తూ, వెనక బొగ్గుబండ్లు తగిలించి, చక్రాలు ఎప్పుడు జారుతున్నాయో చూశాడు. నున్నటి చక్రం, నున్నటి పట్టా చాలునని అలా తేల్చాక పఫింగ్ బిల్లీ అనే ఆవిరి ఇంజను తయారైంది. అందరూ ‘రాకెట్’ అనే ఆవిరి ఇంజను గురించే చెబుతారు గానీ, ఇంజనీరు కావాలనుకునే పిల్లలకు నేను ముందు చెప్పేది ఈ చేతిబండి గురించే. అసలు సందేహాన్ని విడదీసి, తక్కువ ఖర్చుతో, దాన్నొక్కదాన్నే పరీక్షించడం అంటే ఏమిటో ఇందులో కనిపిస్తుంది.

రాకెట్ శక్తి వైపు కథ. 1829 అక్టోబరులో ఇంగ్లండులోని రెయిన్‌హిల్‌లో జరిగిన రైలింజన్ల పోటీలో అది గెలవడానికి ముఖ్య కారణం బాయిలరు. వేడి పొగ ఒకే పెద్ద గొట్టంలో కాకుండా 25 రాగి గొట్టాల్లో పోయేది కాబట్టి నీటికి తగిలే వేడి తలం బాగా పెరిగింది. పని అయిపోయిన ఆవిరిని పొగగొట్టంలోకి వదిలితే అది పొగను పైకి లాగి, నిప్పుకు గాలి అందిస్తుంది. బరువు పెరిగి ఇంజను ఎక్కువ ఆవిరి వాడితే నిప్పు తనంతట తానే రాజుకుంటుంది. ఇంత చక్కటి ఏర్పాటులోనూ సరిచేయాల్సింది మిగిలే ఉందని వందేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లో ఆంద్రే షపెలాన్ చూపించాడు. 1929లో ఆయన ఒక పాత ఇంజను తీసుకుని ఆవిరి దారులు వెడల్పు చేశాడు, ఆవిరిని మరింత వేడెక్కించాడు, పొగగొట్టం కింది అమరిక మార్చాడు. శక్తి బాగా పెరిగి, బొగ్గు ఖర్చు తగ్గింది. 1938 జులై 3న ఇంగ్లండులో మల్లార్డ్ అనే ఆవిరి ఇంజను గంటకు 203 కిలోమీటర్ల వేగం అందుకున్నప్పుడు దాని మీద ఉన్నది ఆయన రూపుదిద్దిన ఆ పొగగొట్టం అమరికే. ‘పాత టెక్నాలజీ, ఇంకేముంది’ అనే మాటకు షపెలాన్ పని మంచి జవాబని మీ నాన్నగారికి చెప్పు.

ఇక డీజిల్. 1912లో స్విట్జర్లాండులోని వింటర్‌టూర్ – రోమన్స్‌హార్న్ లైను మీద మొదటి డీజిల్ రైలింజనును పరీక్షించారు. అందులో డీజిల్ ఇంజను నేరుగా చక్రాలను తిప్పేది. ఆవిరి యంత్రం నిలబడ్డ చోటి నుంచే పూర్తి బలంతో తొయ్యగలదు. డీజిల్ ఇంజను అలా కాదు, కొంత వేగంతో తిరుగుతుంటే తప్ప దానికి బలం ఉండదు. అందుకని ఆ బండిని కదిలించడానికి అదనంగా బిగించిన సంపీడన గాలి వాడాల్సి వచ్చింది. ఆ దారి ముందుకు సాగలేదు. డీజిల్ ఇంజను జనరేటరును తిప్పితే, ఆ కరెంటుతో చక్రాల దగ్గరి మోటార్లు తిరగడమనే పద్ధతే నిలిచింది. అంటే మనం డీజిల్ ఇంజను అనేదాంట్లో కూడా చక్రాన్ని తిప్పేది చాలావరకు కరెంటు మోటారే. ఈ ఒక్క విషయం చూసే శక్తి వైపు ఇష్టమున్నవాళ్లకు నేను ఎలక్ట్రికల్ చెబుతాను.

ఎలక్ట్రికల్‌లో నీకోసం ఉన్న పని ఎలాంటిదో కాస్త దగ్గరగా చూడు. చాలా దశాబ్దాలు ఇంజన్లలో డీసీ సిరీస్ మోటార్లే ఉండేవి. కదిలేటప్పుడు వాటి లాగుడు అద్భుతం. కానీ చక్రం జారడం మొదలైతే ఆ మోటారు బలం త్వరగా తగ్గదు, చక్రం అక్కడే గిర్రున తిరిగి పట్టాను అరగదీస్తుంది. పైగా తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు అరుగుతాయి, వాటిని మారుస్తూ ఉండాలి. మూడు ఫేజుల ఏసీ ఇండక్షన్ మోటారుకు బ్రష్‌లుండవు. చక్రం కాస్త జారి వేగం పెరిగితే దాని బలం తనంతట తానే చప్పున పడిపోతుంది, చక్రం మళ్లీ పట్టు దొరికించుకుంటుంది. ఇన్ని గుణాలున్నా దాన్ని మామూలుగా వాడలేకపోయారు, ఎందుకంటే దాని వేగం మార్చాలంటే కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చాలి. ఆ పని కదిలే ఇంజనులో చక్కగా చేసే సెమీకండక్టర్ స్విచ్‌లు వచ్చాకే దారి తెరుచుకుంది. 1979లో వచ్చిన జర్మనీ 120 తరగతి ఇంజన్లు ఆ మలుపుకు గుర్తు. 1990ల్లో ఐజీబీటీలనే మెరుగైన సెమీకండక్టర్ స్విచ్‌లు వచ్చాయి, ఇప్పుడు సిలికాన్ కార్బైడ్ స్విచ్‌లు వస్తున్నాయి. నువ్వు చదువు ముగించేసరికి ఈ పని ఇంకా నడుస్తూనే ఉంటుంది.

మెకానికల్ వైపు పని తక్కువనుకోకు. 1955 మార్చిలో ఫ్రాన్స్‌లో రెండు ఎలక్ట్రిక్ ఇంజన్లు వరుసగా రెండు రోజుల్లో గంటకు 330 కిలోమీటర్ల దరిదాపుల వేగాన్ని అందుకున్నాయి. శక్తికి లోటు రాలేదు. పైన కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్‌లు కరిగాయి, చక్రాలు అటూ ఇటూ ఊగి ఇంజను వెళ్లిన చోట పట్టాలే వంకర్లు తిరిగాయి. ఆ ఊగులాటను ఆపే చక్రాల చట్రం, స్ప్రింగులు, డ్యాంపర్ల రూపకల్పన పూర్తిగా మెకానికల్ వాళ్లది. ఇంకా లోతుకు వెళ్తే, పది టన్నుల బరువు మోసే చక్రం పట్టాను తాకేది చిన్న నాణెమంత మేరలోనే. లాగుతున్న చక్రం అక్కడ అచ్చంగా దొర్లదనీ, రెండు ఉక్కు తలాలూ సాగి ముడుచుకుంటూ ఉండటం వల్ల ఇసుమంత జారుతూనే ఉంటుందనీ 1926లో ఎఫ్.డబ్ల్యూ. కార్టర్ లెక్కగట్టి చూపించాడు. ఆ కొద్దిపాటి జారుడు దగ్గరే పట్టు ఎక్కువ. ఇప్పటి ఇంజనులోని కంప్యూటరు మోటారు బలాన్ని క్షణక్షణమూ సర్దుతూ చక్రాన్ని సరిగ్గా ఆ స్థితి దగ్గర నిలపడానికి చూస్తుంది. తడి పట్టా మీద ఆ స్థితి ఎక్కడుందో కనిపెట్టడం ఇప్పటికీ కష్టమైన లెక్కే.

నాన్నగారు చెప్పిన కంప్యూటర్ సైన్స్ మాటను అందుకే నేను కొట్టిపారేయను. ఇంజనులో ప్రోగ్రాం రాసేవాళ్లు కావాలి, ఇక ముందు మరింత కావాలి. కాకపోతే ఆ ప్రోగ్రాం తప్పిపోయినా రైలు క్షేమంగా ఆగాలి. అలాంటిది రాయాలంటే మోటారు, బ్రేకు, చక్రం తెలిసుండాలి. ఎలక్ట్రికల్ చదువుతూ కంట్రోల్ సిస్టమ్స్, ఎంబెడెడ్ ప్రోగ్రామింగ్ గట్టిగా నేర్చుకుంటే అటు కూడా వెళ్లగలవు. కంప్యూటర్ సైన్స్ చదివి తర్వాత పవర్ ఎలక్ట్రానిక్స్ అందుకోవడం అంతకన్నా కష్టం.

ఆయన భయంలో నిజమూ ఉంది. రైలింజన్లు తయారుచేసే సంస్థలు ప్రపంచంలో తక్కువే, కొత్త ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నన్ని ఉండవు. అందుకే రైల్వే ఇంజనీరింగ్ అని పేరున్న డిగ్రీని మొదటి డిగ్రీగా వద్దంటాను. ఇంజనులో ఉండే ఇన్వర్టరు (డీసీని కావాల్సిన ఫ్రీక్వెన్సీ ఏసీగా మార్చేది), మోటారు సూత్రాలే ఎలక్ట్రిక్ కార్లలో, ఓడల్లో, గాలిమరల్లో ఉన్నాయి. విశాలమైన డిగ్రీ చేస్తే ఆ తలుపులన్నీ తెరిచే ఉంటాయి. రైలు మీద ఇష్టం నాలుగేళ్ల తర్వాతా ఇలాగే ఉంటే పీజీలో ట్రాక్షన్ డ్రైవ్‌లో (చక్రాలను తిప్పే మోటార్లు, వాటి నియంత్రణ), వాహన డైనమిక్స్‌లో (బండి కదలిక, ఊగులాట) ప్రత్యేకంగా చదవచ్చు.

దరఖాస్తు నింపే ముందు ఒక లెక్క చేసి చూడు. 80 టన్నుల ఇంజను, అన్ని ఇరుసులకూ మోటార్లు, మొత్తం శక్తి 4,000 కిలోవాట్లు. పొడి పట్టా మీద పట్టు గుణకం (ఇంజను బరువులో ఎంత వంతు బలంతో జారకుండా తొయ్యగలదన్నది) 0.3 అనుకో. ఎక్కువలో ఎక్కువ లాగే బలం సుమారు 235 కిలోన్యూటన్లు వస్తుంది. శక్తిని ఆ బలంతో భాగిస్తే సెకనుకు 17 మీటర్లు, అంటే గంటకు దాదాపు 61 కిలోమీటర్లు. ఆ వేగం దాకా ఇంజనును ఆపేది పట్టు, అక్కడి నుంచి శక్తి. వేగం అడ్డంగా, బలం నిలువుగా పెట్టి గ్రాఫు గియ్యి. మొదట సమతలంగా పోయి, 61 దగ్గర వంగి, 122 దగ్గర సగానికి దిగుతుంది. తర్వాత 0.3 బదులు తడి పట్టాకు 0.15 వేసి మళ్లీ గియ్యి. వంపు తర్వాతి గీతను పైకి జరపడం ఎలాగన్న ఆలోచన వస్తే ఎలక్ట్రికల్. ఆ 0.15ను కాస్తయినా పెంచడం ఎలా అని కాగితం పక్కన రాసుకోవడం మొదలుపెడితే మెకానికల్. గ్రాఫులు రెండూ నాన్నగారికి కూడా చూపించి, ఏది తీసుకున్నావో నాకు రాయి.