సేల్స్ ఆఫీసర్ నుంచి ఏరియా మేనేజర్ దాకా: అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

నీ లింక్డ్‌ఇన్ ప్రొఫైల్ చూశాను. పైన "డైనమిక్ సేల్స్ ప్రొఫెషనల్" అని పెట్టావు. సబ్బులు, బిస్కెట్లు అమ్మే ప్రతివాడూ అదే పెడతాడు. హెచ్‌ఆర్ వాళ్లు వెతికేది హోదా, చానల్ (కిరాణా షాపుల జనరల్ ట్రేడా, సూపర్‌మార్కెట్ల మోడ్రన్ ట్రేడా), ఊరు. కాబట్టి ఇలా మార్చు: "సేల్స్ ఆఫీసర్, జనరల్ ట్రేడ్, భీమవరం–తణుకు; 4 డిస్ట్రిబ్యూటర్లు, 8 మంది సేల్స్‌మెన్, 1,900 షాపులు". అంకెలు నీవి వేసుకో, కానీ లెక్క కుదరాలి. బీటుకు, అంటే ఒక రోజు తిరిగే రూటుకు, 40 షాపులు, వారానికి ఆరు బీట్లంటే ఒక్కో సేల్స్‌మన్‌కు 240. ఎనిమిది మందితో 3,000 షాపులని రాస్తే ఎదుటివాడు అక్కడే పట్టేస్తాడు. పదిహేను రోజులకోసారి వెళ్లే పల్లె బీట్లుంటే ఆ మాట విడిగా చెప్పు.

"టార్గెట్ 110 శాతం" అని రాశావే, అది ప్రైమరీయా (కంపెనీ డిస్ట్రిబ్యూటర్‌కు అమ్మింది), సెకండరీయా (డిస్ట్రిబ్యూటర్ షాపులకు అమ్మింది)? నెలాఖరున డిస్ట్రిబ్యూటర్ గోడౌన్ నింపేసి ప్రైమరీ ఎవడైనా చూపిస్తాడు. షాపులకు వెళ్లిన సరుకు ఎంత పెరిగిందో శాతంలో రాయి. 40 షాపులు తిరిగితే ఎన్ని బిల్లులు పడ్డాయి, బిల్లుకు ఎన్ని లైన్లు (ఎన్ని రకాల సరుకు), కొత్తగా తెరిచిన షాపుల్లో మూడు నెలల తర్వాత ఎన్ని ఇంకా కొంటున్నాయి, ఇవి రాయి. రూపాయల్లో టర్నోవర్, స్కీమ్ సర్క్యులర్లు, సేల్స్ యాప్ స్క్రీన్‌షాట్లు మాత్రం బయట పెట్టకు. ఇవాళ వీళ్లవి పెట్టినవాడు రేపు మావీ పెడతాడనుకుంటారు.

మొదట్లో కంపెనీలకు మనుషుల్ని ఇచ్చే ఏజెన్సీ పేరోల్ మీద చేశావు కదా, అది దాచొద్దు. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఏజెన్సీ పేరే ఉంటుంది. నువ్వు కంపెనీ పేరు ఒక్కటే రాస్తే బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో ఆఫర్ ఆగిపోవచ్చు. ఫలానా ఏజెన్సీ ద్వారా ఫలానా బ్రాండ్‌కు చేశానని రాయి. చేరిన, మానిన తేదీలు యూఏఎన్ (పీఎఫ్ నంబరు) రికార్డుతో సరిపోవాలి.

ఏరియా మేనేజర్ ఇంటర్వ్యూలో నిన్ను గట్టిగా పట్టేది డిస్ట్రిబ్యూటర్ పెట్టుబడి లెక్క దగ్గరే. దాన్ని కాగితం మీద వేసి చూపగలగాలి. నెలకు 20 లక్షల అమ్మకం, 5 శాతం మార్జిన్ అనుకో: చేతికి లక్ష. జీతాలు, ఆటో, గోడౌన్ అద్దె కలిపి 60 వేలు పోతే మిగిలేది 40 వేలు, ఏడాదికి 4.8 లక్షలు. పెట్టుబడి చూడు: పదిహేను రోజుల స్టాకు 10 లక్షలు, మార్కెట్ బాకీ 6 లక్షలు, స్కీముల కింద తాను ముందు ఇచ్చి కంపెనీ నుంచి రావాల్సిన క్లెయిములు లక్ష, మొత్తం 17 లక్షలు. రాబడి 28 శాతం. ఇప్పుడు నువ్వు నెలాఖరు లోడింగ్‌తో స్టాకును నెల రోజులకు పెంచావనుకో, పెట్టుబడి 27 లక్షలవుతుంది, రాబడి 18కి పడిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ ఫోను ఎత్తడం మానేసేది ఆ తర్వాతే. పైగా కొత్త కంపెనీ వాళ్లు నీ గురించి ఆరా తీసేది ఆయన దగ్గరే!

2025 సెప్టెంబర్ 22న ఒంటి సబ్బులు, షాంపూలు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది కదా. పాత ధర ముద్రించిన స్టాకును నీ టెరిటరీలో ఎలా సర్దావో, షాపుల వాళ్లకు తేడా ఎలా చేరిందో రెండు వాక్యాల్లో సిద్ధం చేసుకో. అడిగే అవకాశం ఎక్కువ.

హోదా చూసి మారకు. ఇద్దరు సేల్స్‌మెన్ ఉన్న చిన్న బ్రాండ్‌లో "ఏరియా మేనేజర్" కార్డు దొరుకుతుంది, కానీ కింద సేల్స్ ఆఫీసర్లు లేకపోతే పెద్ద కంపెనీ దాన్ని లెక్కలోకి తీసుకోదు. అంతకంటే నువ్వున్న చోటే ఆరు నెలలు మోడ్రన్ ట్రేడ్ అడిగి తీసుకో. ఆర్డరులో ఎంత శాతం సరుకు సమయానికి చేరింది, షెల్ఫ్‌లో మన వాటా ఎంత అన్న లెక్కలు అక్కడే వస్తాయి. పెద్ద కంపెనీలు చాలావరకు ఏరియా మేనేజర్ కుర్చీల్లోకి ఎంబీఏ కుర్రాళ్లను నేరుగా తెస్తాయి. నీకు దారి సుళువుగా దొరికేది మధ్యస్థాయి కంపెనీల్లోనే.

రాజీనామా ఎప్పుడు పెట్టాలన్నావు. ఆఫర్ లెటర్ మెయిల్లో వచ్చాక, ఇన్సెంటివ్ అకౌంట్లో పడ్డాక. ముందే నలుగురు డిస్ట్రిబ్యూటర్ల క్లెయిములు తేల్చి, బాకీలేమీ లేవని సంతకాలు తీసుకో. అవి లేకపోతే ఫుల్ అండ్ ఫైనల్ (చివరి జీతం లెక్కల సెటిల్‌మెంట్) నెలల తరబడి నానుతుంది, రిలీవింగ్ లెటర్ కూడా దాంతోపాటే.

ఇట్లు,
నీ మావయ్య