లక్షన్నర మంది ఉన్న యూనివర్సిటీలో మీ తమ్ముడి పక్కన కూర్చునేది ఎందరు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇది: మీ తమ్ముడికి అరిజోనా స్టేట్ నుంచి, టెక్సస్ ఏ అండ్ ఎం నుంచి మాస్టర్స్‌కు అడ్మిట్లు వచ్చాయి. మొదటిదానిలో దాదాపు లక్షన్నర మంది, రెండోదానిలో డెబ్బై వేలకు పైగా విద్యార్థులు ఉన్నారని చదివి, అంత జనంలో వాడిని పట్టించుకునేవారు ఉంటారా, అసలు ఈ రెండింటిలో పెద్దది ఏది అని మీ ఇంట్లో బెంగ పెట్టుకున్నారు. నేను 2016లో టెక్సస్‌లోనే, నలభై వేల పైచిలుకు విద్యార్థులున్న ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో మాస్టర్స్‌లో చేరాను. చివరి రెండు సెమిస్టర్లూ అక్కడి రిజిస్ట్రార్ కార్యాలయంలో (విద్యార్థుల నమోదు, రికార్డులు చూసే చోటు), వీసా నిబంధన అనుమతించినట్టుగా వారానికి 20 గంటలు, కౌంటర్ ఉద్యోగం చేశాను. అందువల్ల ఈ ఎన్‌రోల్‌మెంట్ అంకె, అంటే నమోదైన విద్యార్థుల సంఖ్య, ఎక్కడ పుడుతుందో కొంత దగ్గరగా చూసినవాడిని.

మీరు చదివిన రెండు అంకెలూ నిజమే. కాకపోతే అవి ఒకే వస్తువును కొలిచినవి కావు. అరిజోనా స్టేట్ 2023 ఫాల్‌లో (ఆగస్టులో మొదలయ్యే సెమిస్టర్) చెప్పుకున్న 1,45,000 పైచిలుకు విద్యార్థులలో దాదాపు 65,000 మంది ఆన్‌లైన్‌లో చదివేవారు. వారిలో చాలామంది ప్రధాన క్యాంపస్ ఉన్న టెంపే ఊరి మొహం చూడకుండానే డిగ్రీ పూర్తిచేస్తారు. మిగిలినవారు కూడా ఒక్కచోట లేరు. టెంపేతో పాటు ఫీనిక్స్ నగరం నడిబొడ్డున ఒకటి, మీసాలో పాలిటెక్నిక్ పేరుతో ఒకటి, పశ్చిమాన మరొకటి, ఇలా వేర్వేరు క్యాంపస్‌లలో ఉన్నారు. అన్నీ తీసేయగా టెంపే క్యాంపస్ లెక్క 57,000 ప్రాంతంలో తేలుతుంది. ఏ అండ్ ఎం విషయంలో ఇంత తీసివేత అవసరం లేదు. అక్కడి విద్యార్థులలో అత్యధికులు కాలేజ్ స్టేషన్ అనే ఒక్క ఊళ్ళోనే ఉంటారు, ఆ సంఖ్య డెబ్బై వేలు దాటింది. కాబట్టి రోజూ ఒకే ఆవరణలో తిరిగేవారి లెక్కన చూస్తే, మీ ఇంట్లో చిన్నది అనుకుంటున్నదే పెద్దది.

మనవాళ్ళు ఇక్కడ తికమకపడటానికి ఒక కారణం ఉంది. జేఎన్‌టీయూ అన్నా ఉస్మానియా అన్నా మనకు అనుబంధ కళాశాలలు గుర్తొస్తాయి. విద్యార్థి సర్టిఫికెట్ మీద విశ్వవిద్యాలయం పేరు ఉంటుంది గానీ, అతడు చదివేది ఎక్కడో ఘట్‌కేసర్‌లోనో నర్సరావుపేటలోనో. అందుకని పెద్ద అంకె వినగానే అది ఎక్కడెక్కడో పరుచుకుని ఉంటుందని ఊహించుకుంటాం. అమెరికాలోని పెద్ద ప్రభుత్వ క్యాంపస్‌లలో అలా కాదు. కొలంబస్‌లోని ఒహాయో స్టేట్‌లో సుమారు 60,000 మంది, మిన్నెసోటా జంట నగరాల క్యాంపస్‌లో సుమారు 54,000 మంది, ఒకే రిజిస్ట్రార్ కింద, ఒకే బస్సు పాస్‌తో, దాదాపు ఒకే ఆవరణలో చదువుతారు. దీనికి తోడు ఇటీవలి కాలంలో ఆన్‌లైన్ డిగ్రీలు అంకెలను ఇంకా ఉబ్బించాయి. జార్జియా టెక్ 2014లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌లోనే ఇప్పుడు పది వేలమందికి పైగా ఉన్నారు. అట్లాంటా క్యాంపస్‌లో మాత్రం వారి వల్ల ఒక్క కుర్చీ కూడా అదనంగా నిండదు.

క్యాంపస్‌లు ఇంత పెద్దవి ఎలా అయ్యాయంటే, ఒక్కొక్క రాష్ట్రానిది ఒక్కొక్క కథ. టెక్సస్‌లో 1997లో వచ్చిన చట్టం ప్రకారం, ఉన్నత పాఠశాలలో మొదటి పది శాతంలో నిలిచిన రాష్ట్ర విద్యార్థికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో సీటు దానంతట అదే రావాలి. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం నగరం మధ్యలో ఇరుక్కుని ఉంది, పెరగడానికి చోటు లేదు. అలా వచ్చేవారితోనే మొదటి సంవత్సరం సీట్లు నిండిపోతుండటంతో, శాసనసభ 2009లో ఆ ఒక్క విశ్వవిద్యాలయానికి ఈ నియమం నుంచి కొంత మినహాయింపు ఇచ్చింది. ఆ విశ్వవిద్యాలయం చాలాకాలంగా యాభై వేల అటూ ఇటూగానే ఉంటూ వచ్చింది. కాలేజ్ స్టేషన్‌కు ఆ ఇబ్బంది లేదు, చుట్టూ ఐదు వేల ఎకరాల పైబడిన సొంత స్థలం ఉంది. పైగా 2013లో, ఇంజనీరింగ్ విద్యార్థుల సంఖ్యను 2025 నాటికి 25,000కు చేర్చాలని అక్కడ ఒక లక్ష్యం పెట్టుకున్నారు. ఫ్లారిడాలో దారి వేరు. ఆర్లాండోలోని సెంట్రల్ ఫ్లారిడా విశ్వవిద్యాలయం 1968లో రెండు వేలమంది కూడా లేకుండా తలుపులు తెరిచి, నేడు డెబ్బై వేలకు చేరువైంది. దగ్గరలోని రెండేళ్ళ కళాశాలల్లో చదివి మూడో సంవత్సరంలోకి నేరుగా వచ్చి చేరేవారు ఈ పెరుగుదలకు ఒక ముఖ్య కారణం.

ఇక ఆ అంకె పుట్టే రోజు గురించి చెప్పాలి. టెక్సస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఫాల్‌కూ, జనవరిలో మొదలయ్యే స్ప్రింగ్‌కూ 'ట్వెల్ఫ్త్ క్లాస్ డే' అని ఒకటి ఉంటుంది, అంటే తరగతులు మొదలైన పన్నెండో పనిదినం. ఒహాయో స్టేట్‌లో అయితే పదిహేనో రోజు. ఆ రోజున పేరు నమోదై, ఫీజు బకాయి లేకుండా ఉన్నవారే అధికారిక లెక్కలోకి వస్తారు. టెక్సస్‌లో రాష్ట్రం ఇచ్చే నిధులు ఆ రోజు నమోదై ఉన్న క్రెడిట్ గంటల (కోర్సు బరువును కొలిచే యూనిట్లు) మీద ఆధారపడతాయి కాబట్టి, ఆ రోజు మా కార్యాలయంలో ఎవరూ భోజనానికి కూడా సరిగ్గా లేచేవారు కాదు. నేను పనిచేసిన ఫాల్‌లో, సాయంత్రం నాలుగున్నరకు ఒక తెలుగు కుర్రవాడు చెమటలు కక్కుకుంటూ వచ్చాడు. బెజవాడలో వాళ్ళ నాన్నగారు బ్యాంకు నుంచి పంపిన డబ్బు ఇంకా అందలేదు, ఫీజు మొత్తం ఒకేసారి కట్టాలనుకుని అతడు ఒక్క డాలరూ కట్టలేదు. విడతల పద్ధతి ఎంచుకుంటే ముందు సగం కడితే చాలునని చెప్పాను. రూమ్మేట్‌కు ఫోన్ చేసి, అతడి కార్డు నంబరు ఒక్కొక్క అంకే చదివించుకుంటూ కౌంటర్ పక్కనున్న కంప్యూటర్‌లో కట్టాడు. ఐదింటికి పది నిమిషాల ముందు ఫీజు బకాయికి అతడి ఖాతా మీదున్న హోల్డ్ (నిలుపుదల) పోయింది. నెల తిరిగాక విశ్వవిద్యాలయం ఆ ఏటి ఎన్‌రోల్‌మెంట్‌ను గొప్పగా ప్రకటించినప్పుడు, అందులో చివరి 'ఒకటి' మనవాడేనని మా సూపర్‌వైజరుతో అంటే ఆవిడ చాలాసేపు నవ్వారు.

అదే రోజు విద్యార్థి వైపు నుంచి కూడా ముఖ్యమైనది. అంతకు ముందే వదిలేసిన కోర్సు ట్రాన్స్‌క్రిప్ట్‌లో (మార్కుల పత్రంలో) కనిపించదు, ఆ తరువాత వదిలితే దాని పక్కన ఒక గుర్తు మిగిలిపోతుంది.

పెద్ద క్యాంపస్ వల్ల నాకు ఎదురైన ఇబ్బంది ఈ లెక్కలతోనే ముడిపడి ఉంది. రెండో సెమిస్టర్‌లో నాకు తప్పనిసరి అయిన కోర్సుకు 90 సీట్లుండేవి. నా రిజిస్ట్రేషన్ సమయం వచ్చేసరికి అవన్నీ నిండిపోయి, వెయిట్‌లిస్ట్‌లో నాది 34వ పేరు అయింది. కంగారులో ఒక తరగతి గది కోర్సు, రెండు ఆన్‌లైన్ సెక్షన్లు తీసుకుని, పూర్తికాల చదువుకు కావలసిన తొమ్మిది క్రెడిట్లు అయ్యాయి కదా అని నిశ్చింతగా ఉన్నాను. రిజిస్ట్రార్ దృష్టిలో నేను పూర్తికాల విద్యార్థినే. కానీ ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీదున్నవారికి పూర్తికాల చదువు లెక్కలో ఆన్‌లైన్ కోర్సు ఒక్కటి, మూడు క్రెడిట్ల వరకే చెల్లుతుంది. ఆ లెక్కన నావి ఆరే. ఆ సంగతి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం నుంచి మెయిల్ వచ్చేదాకా నాకు తెలియదు. అప్పటికి పన్నెండో రోజుకు నాలుగు రోజులే మిగిలాయి. నా విభాగంలో ఎక్కడా సీటు లేదు. కోర్సుల విషయంలో సలహా ఇచ్చే అడ్వైజరు దగ్గరకు వెళ్ళాలంటే తొమ్మిది రోజుల తరువాత అపాయింట్‌మెంట్. చివరికి స్టాటిస్టిక్స్ విభాగంలో, రాత్రి ఏడింటికి మొదలయ్యే ఒక తరగతిలో చోటు దొరికితే, అది నా డిగ్రీకి చెల్లుతుందని ఆచార్యుల చేత సంతకం పెట్టించుకుని, ఒక ఆన్‌లైన్ కోర్సు వదిలేసి అందులో చేరాను. నలభై వేలమంది ఉన్న క్యాంపస్‌లో ఆ గదిలో మేము 14 మందిమి. నేను అక్కడ చదివిన వాటిలో బాగా వంటబట్టినది ఆ కోర్సే, ఆచార్యులు నన్ను పేరుపెట్టి పిలిచినదీ ఆ ఒక్క గదిలోనే.

కాబట్టి మీ తమ్ముడు క్యాంపస్ మొత్తం సంఖ్య చూసి భయపడనక్కర లేదు, చూసి మురిసిపోనూ అక్కర లేదు. 2023-24లో అమెరికాలో ఉన్న 3,31,602 మంది భారతీయ విద్యార్థులలో సగానికి పైగా మాస్టర్స్, పీహెచ్‌డీ స్థాయివారే. ఈ పెద్ద క్యాంపస్‌లలో మాత్రం నాలుగింట మూడు వంతులకు అటూ ఇటూగా బ్యాచిలర్స్ పిల్లలే ఉంటారు. మూడు వందలమంది కూర్చునే లెక్చర్ హాళ్ళు, హాస్టల్ గదుల కొరత చాలావరకు వారి సమస్యలు. మనవాళ్ళను ఇబ్బంది పెట్టేది తమ ఒక్క విభాగంలో ఆ ఏడు ఎంతమందిని చేర్చుకున్నారు, ఒక్కొక్క కోర్సుకు ఎన్ని సెక్షన్లు (విడి తరగతులు) తెరిచారు అన్నదే. ఇరవై వేలమంది ఉన్న చిన్న విశ్వవిద్యాలయంలోనూ, కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌కు ఒక్కసారిగా వందలమందిని తీసుకుంటే, వెయిట్‌లిస్ట్ అంతే పొడుగ్గా ఉంటుంది.

దీన్ని తెలుసుకోవడం కష్టం కాదు. చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు తరగతుల షెడ్యూలును లాగిన్ లేకుండానే చూడనిస్తాయి. ఇప్పుడు నడుస్తున్న సెమిస్టర్‌ను తెరిచి, మీ తమ్ముడి విభాగంలో తప్పనిసరి కోర్సులు మూడో నాలుగో ఎంచుకుని, ఒక్కొక్క దానికి ఎన్ని సెక్షన్లు, ఎన్ని సీట్లు, ఎన్ని నిండాయి, అందులో ఆన్‌లైన్ ఎన్ని అన్నది కాగితం మీద రాసుకోమనండి. రెండు విశ్వవిద్యాలయాలకూ ఇదే చేస్తే ఒక సాయంత్రం పని. ఆపైన విభాగపు అడ్వైజరుకు ఒక మెయిల్ రాసి, కొత్తగా వచ్చే అంతర్జాతీయ విద్యార్థులకు రిజిస్ట్రేషన్ ఏ తేదీన తెరుచుకుంటుందో అడగమనండి. పాతవాళ్ళకు నెలల ముందే తెరిచి, కొత్తవాళ్ళకు ఆగస్టు ఓరియెంటేషన్ దాకా తెరవకపోతే, మొదటి సెమిస్టర్‌లో మిగిలినవే తీసుకోవలసి వస్తుంది.

కాలేజ్ స్టేషన్‌కే వెళ్ళేటట్టయితే ఇంకొక్క మాట. అక్కడి ఫుట్‌బాల్ మైదానంలో 1,02,733 మంది పడతారు, ఊరి జనాభాతో పోలిస్తే అది పెద్ద తక్కువేమీ కాదు. ఆట ఉన్న శనివారం సరుకులకు బయలుదేరితే రోజంతా రోడ్డు మీదే గడిచిపోతుంది. బియ్యం, పప్పు శుక్రవారం ఉదయానికే తెచ్చుకోమనండి.